ఆఫీసు కంప్యూటర్లకు సొంత అప్‌డేట్ సర్వర్ పెట్టుకోవడం ఎలా

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త దూరంలో ఒక ఆఫీసు. 38 కంప్యూటర్లు, 50 ఎంబీపీఎస్ లైన్. దాని నెట్‌వర్క్ నేను చూసుకునేవాణ్ణి. నెలంతా ఏ గొడవా ఉండేది కాదు. రెండో వారంలో ఒక బుధవారం పొద్దున పదిన్నరకు మాత్రం తప్పకుండా ఫోన్ వచ్చేది. "సార్, నెట్టు వస్తలేదు. కౌంటర్ కాడ లైన్ నిలబడ్డది, జల్ది రండి" అని. వెళ్లి చూస్తే నెట్ ఉంది, కేబుల్ బాగుంది, రౌటర్ బాగుంది. 38 సిస్టమ్‌లూ ఒకే ఫైలును ఎవరికి వారు బయటి నుంచి దింపుకుంటున్నాయి, అంతే.

బుధవారమే ఎందుకంటే, మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 10 గంటలకు విడుదల చేస్తుంది. మనకు అది మంగళవారం రాత్రి 10:30, చలికాలంలో 11:30. మనం ఆఫీసు తెరిచి సిస్టమ్‌లు ఆన్ చేసేది బుధవారం పొద్దున. రెండో మంగళవారం ఎప్పుడూ 8వ తేదీకీ 14వ తేదీకీ మధ్యనే పడుతుంది. నెలనెలా జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయడానికి ఆఖరి తేదీ 11. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసైనా, మహబూబ్‌నగర్‌లో ఆడిటర్ ఆఫీసైనా, నెట్ తప్పనిసరిగా కావలసిన రోజులూ నెట్ మొత్తం అప్‌డేట్‌లకు పోయే రోజులూ ఒకే వారంలో వచ్చిపడతాయి.

లెక్క వేసి చూడండి. ఒక్కో సిస్టమ్‌కు అప్‌డేట్ 1 జీబీ అనుకుందాం. 38 సిస్టమ్‌లకు 38 జీబీ. 50 ఎంబీపీఎస్ లైన్ మొత్తం దానికే ఇచ్చేసినా గంటా నలభై నిమిషాలు పడుతుంది. అదే ఒక్క కాపీ మాత్రమే దింపితే మూడు నిమిషాల్లోపు పని. ఆ ఒక్క కాపీని రాత్రిపూట దింపి ఆఫీసులోనే పెట్టుకుని, పొద్దున లోపలి కేబుల్ మీదే అందరికీ పంచడమే అప్‌డేట్ సర్వర్ పని. ఊరి వాటర్ ట్యాంకు రాత్రి నిండి పొద్దున నల్లాలకు వదిలినట్టు.

ఇంత కష్టం ఎందుకు, అప్‌డేట్‌లు ఆపేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. కొన్ని ఆఫీసుల్లో సిస్టమ్ అమ్మినవాళ్లే ఆపేసి ఇస్తున్నారు కూడా. దయచేసి అలా చేయకండి. 2017 మే 12న వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) అదే సంవత్సరం మార్చి 14నే వచ్చింది. దాదాపు రెండు నెలల టైమ్ దొరికింది. సపోర్ట్ ఉన్న విండోస్‌లో ఆ ప్యాచ్ వేసుకున్న సిస్టమ్‌లను ఆ లోపం ద్వారా పట్టుకోలేకపోయింది. పదేళ్ల ఖాతాలు ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆఫీసు మీదైతే ఈ సంగతి ఊరికే చదివి వదిలేసేది కాదు.

ముందు మీకు సర్వర్ అవసరమా చూసుకోండి

పది, పన్నెండు సిస్టమ్‌ల ఆఫీసుకు సర్వర్ అక్కర్లేదు. విండోస్‌లోనే డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటి ఉంది. ఒక సిస్టమ్ దింపుకున్న ముక్కలను పక్క సిస్టమ్ దాని దగ్గరి నుంచే తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్ల నుంచి డౌన్‌లోడ్ చేసుకోవడాన్ని ఆన్ చేయండి. కింద 'డివైసెస్ ఆన్ మై లోకల్ నెట్‌వర్క్' మాత్రమే ఎంచుకోండి. ఇంటర్నెట్‌లో ఉన్నవాళ్లతో కూడా పంచుకునే రెండో ఆప్షన్ వద్దు, అది మీ అప్‌లోడ్‌ను తినేస్తుంది. అదే పేజీలో డౌన్‌లోడ్‌కు ఎంత స్పీడ్ వాడాలో హద్దు కూడా పెట్టొచ్చు. సిస్టమ్‌ల మధ్య 7680 పోర్ట్ (ప్రోగ్రామ్‌లు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే దారి నంబర్) తెరిచి ఉండాలి. యాంటీవైరస్ ఫైర్‌వాల్ అడ్డుపడితే ఇది ఏ చప్పుడూ లేకుండా పనిచేయడం మానేస్తుంది, కాబట్టి ఒకసారి చూసుకోండి.

ఇరవై సిస్టమ్‌లు దాటాయంటే, లేదా ఏ అప్‌డేట్ ఎప్పుడు వెళ్లాలో మీ చేతిలో ఉండాలనుకుంటే, విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్ పెట్టుకోండి. పొట్టిగా డబ్ల్యూఎస్‌యూఎస్. అందరూ డబ్ల్యూసస్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఇకపై దీనికి కొత్త ఫీచర్లు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అయితే విండోస్ సర్వర్ 2025లోనూ అది ఉంది, అప్‌డేట్‌లు దాని ద్వారా వస్తూనే ఉన్నాయి. దీనికి బదులు చూపిస్తున్న క్లౌడ్ సర్వీసులకు నెలనెలా చందా కట్టాలి. ఇప్పుడున్న సర్వర్ మీదే ఇంకొన్నేళ్లు నడుపుకోవాలనుకునే ఆఫీసుకు నేను ఇప్పటికీ డబ్ల్యూసస్సే చెబుతున్నాను.

సర్వర్‌కు ఏం కావాలి

డబ్ల్యూసస్‌కు విడిగా ధర లేదు, విండోస్ సర్వర్‌లోనే వస్తుంది. విండోస్ సర్వర్‌కూ, దాన్ని వాడే సిస్టమ్‌లకో మనుషులకో తీసుకోవలసిన క్యాల్ లైసెన్సులకూ మాత్రం ఖర్చు ఉంది. 25 మంది, 50 డివైస్‌ల లోపు ఆఫీసైతే సర్వర్ మెషీన్‌తో పాటు వచ్చే ఎసెన్షియల్స్ ఎడిషన్ అడగండి, దానికి విడిగా క్యాల్ అక్కర్లేదు. కొనేముందు నేర్చుకోవాలంటే 180 రోజుల ఇవాల్యుయేషన్ కాపీ దొరుకుతుంది. దాంతో పాత డెస్క్‌టాప్ మీద ఒకసారి మొత్తం చేసి చూడండి.

ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు, 16 అయితే నిశ్చింత. డిస్క్ విషయంలో పిసినారితనం పనికిరాదు. సీ డ్రైవ్ విండోస్‌కే వదిలేసి, అప్‌డేట్ ఫైళ్లకు కనీసం 500 జీబీ ఉన్న వేరే డ్రైవ్ ఇవ్వండి. అన్నీ సీ డ్రైవ్‌లో వేసిన ఒక చోట ఆరు నెలలకే డ్రైవ్ నిండి, సర్వర్ బూట్ కావడానికే ఇబ్బంది పడింది. సర్వర్‌కు ఐపీ అడ్రస్ స్థిరంగా పెట్టండి, ఉదాహరణకు 192.168.1.10. రౌటర్ ఇచ్చే మారిపోయే అడ్రస్ మీద ఉంచితే కరెంటు పోయి వచ్చిన రోజున సిస్టమ్‌లన్నీ సర్వర్ కోసం వెతుక్కుంటాయి.

స్విచ్ కూడా చూడండి. సర్వర్ తగిలించిన పోర్ట్ పాత 100 ఎంబీపీఎస్‌దైతే ఆ 38 జీబీ పంచడానికి 50 నిమిషాలు పడుతుంది. గిగాబిట్ అయితే లెక్క ప్రకారం అయిదు నిమిషాలు. సర్వర్ కొని స్విచ్ మార్చకపోతే సగం డబ్బు వృథా.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు ఎండ కాస్తుంది. మెట్ల కింద తలుపు మూసిన అరలో సర్వర్ పెడితే అది వేడికి తానే ఆగిపోతుంది. మిల్లు ఆఫీసుల్లో దానికి ఊక దుమ్ము తోడు. గాలి ఆడే చోట, నేలకు రెండడుగుల ఎత్తున పెట్టి, మూడు నెలలకోసారి ఫ్యాన్లు దులిపించండి. యూపీఎస్ తప్పనిసరి.

ఇన్‌స్టాల్ చేయడం

సర్వర్ మేనేజర్‌లో 'యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్' తెరిచి విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్ టిక్ చేయండి. డేటాబేస్ దగ్గర విండోస్ ఇంటర్నల్ డేటాబేస్ అలాగే ఉంచండి, మన సైజు ఆఫీసుకు అది చాలు. ఫైళ్లు ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు ఆ రెండో డ్రైవ్‌లో ఫోల్డర్ చూపించండి. ఇన్‌స్టాల్ అయ్యాక పైన పసుపు గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి పోస్ట్ ఇన్‌స్టలేషన్ టాస్క్‌లు పూర్తిచేయండి. ఇది మర్చిపోతే కన్సోల్ (డబ్ల్యూసస్‌ను నడిపే స్క్రీన్) సరిగా తెరుచుకోదు.

కన్సోల్ మొదటిసారి తెరిస్తే విజార్డ్ వస్తుంది. మైక్రోసాఫ్ట్ నుంచే తెచ్చుకోవాలని చెప్పి 'స్టార్ట్ కనెక్టింగ్' నొక్కండి. కొంచెం సేపు పడుతుంది, టీ తాగి రండి. భాషల్లో ఇంగ్లిష్ ఒక్కటే ఉంచండి.

ఇప్పుడు ప్రోడక్ట్‌ల పేజీ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పెద్ద జాబితా చూసి పోనీలే అని అన్నీ టిక్ చేస్తారు. నెల తిరిగేసరికి డేటాబేస్ బరువెక్కుతుంది, కన్సోల్ కదలదు. మీ ఆఫీసులో నిజంగా ఉన్నవి మాత్రమే టిక్ చేయండి: విండోస్ 11, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్, మీ సర్వర్ వెర్షన్. విండోస్ 10 సిస్టమ్‌లు ఇంకా ఉంటే ఒట్టి 'విండోస్ 10' అని ఉన్నది కాదు, 'విండోస్ 10, వెర్షన్ 1903 అండ్ లేటర్' అన్నది టిక్ చేయాలి. పేరు దగ్గరగా ఉంటుంది కాబట్టి మొదటిది నొక్కేసి, అప్‌డేట్‌లు ఎందుకు రావడం లేదా అని వారాలు వెతికినవాళ్లున్నారు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ తీసుకోని సిస్టమ్‌ను డబ్ల్యూసస్ కాపాడలేదు, దాన్ని మార్చాల్సిందే.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. ఆఫీస్ 2019, 2021, చందా కట్టే 365 వెర్షన్లు క్లిక్-టు-రన్ పద్ధతిలో నేరుగా ఇంటర్నెట్ నుంచే అప్‌డేట్ అవుతాయి. డబ్ల్యూసస్ ఒక్కటే ఉంటే అవి దాని దగ్గరకు రావు. ఆ ట్రాఫిక్ తగ్గిందా అని ఇక్కడ వెతక్కండి.

క్లాసిఫికేషన్‌లలో క్రిటికల్, సెక్యూరిటీ, డెఫినిషన్ అప్‌డేట్‌లు చాలు. డ్రైవర్స్ మాత్రం టిక్ చేయొద్దు. వేల సంఖ్యలో వచ్చి డేటాబేస్‌ను బరువెక్కిస్తాయి. ఏ సిస్టమ్‌కైనా డ్రైవర్ కావాలంటే తయారీదారు సైట్ నుంచి విడిగా వేసుకోవడమే మంచిది.

సింక్ టైమ్, అంటే సర్వర్ మైక్రోసాఫ్ట్ నుంచి కొత్త జాబితా తెచ్చుకునే వేళ, రాత్రి 1 గంటకు మొదలై రోజుకు నాలుగుసార్లు అని పెట్టండి. మంగళవారం రాత్రి విడుదలైనవి బుధవారం తెల్లారేసరికి మీ జాబితాలో ఉంటాయి. డిఫెండర్ డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు) రోజుకు చాలాసార్లు మారతాయి కాబట్టి అవీ అందుతాయి. మొదటి సింక్‌కు గంటలు పడుతుంది, శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి వెళ్లండి. సింక్‌లో వచ్చేది అప్‌డేట్‌ల వివరాలే. అసలు ఫైళ్లు మీరు అప్రూవ్ చేశాకే దిగుతాయి. ఆప్షన్స్‌లో 'అప్‌డేట్ ఫైల్స్' తెరిచి, అప్రూవ్ చేసినప్పుడే దింపాలన్న టిక్ ఉందో లేదో చూడండి. అక్కడే ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టలేషన్ ఫైల్స్ టిక్ లేకుండా చూసుకోండి, అది డౌన్‌లోడ్‌ను చాలా పెంచుతుంది.

సర్వర్ 2022 గానీ అంతకంటే పాతది గానీ అయితే ఇంకో చిన్న పని. 2023 మార్చి నుంచి విండోస్ 11 అప్‌డేట్‌లు కొత్త పద్ధతిలో వస్తున్నాయి. వాటిలోని ఎంఎస్‌యూ, విమ్ ఫైళ్లను పంపడం ఐఐఎస్‌కు, అంటే సర్వర్‌లో ఫైళ్లు అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌కు, తెలిసుండాలి. ఐఐఎస్ మేనేజర్‌లో మైమ్ టైప్స్ (అది పంపగల ఫైలు రకాల జాబితా) తెరిచి ఆ రెండూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేర్చండి. ఇవి లేకపోతే సిస్టమ్‌లు అప్‌డేట్‌ను గుర్తుపడతాయి, డౌన్‌లోడ్ దగ్గర మాత్రం ఫెయిల్ అవుతాయి. ఈ పద్ధతిలో ఒక్కో విండోస్ వెర్షన్‌కు మొదట్లో అదనంగా 10 జీబీ దాకా దిగుతుంది. ఒక్కసారే కాబట్టి కంగారు పడకండి.

కంప్యూటర్లను గ్రూపులు చేయడం

అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి అప్‌డేట్ వదలడానికైతే ఇంత ఏర్పాటు దేనికి? కన్సోల్‌లో మూడు గ్రూపులు చేయండి. మొదటిది 'ముందు'. అందులో మీ సొంత సిస్టమ్, ప్రింటర్ షేర్ చేసిన ఒక సిస్టమ్, ట్యాలీ వాడే ఒక సిస్టమ్ పెట్టండి. కొత్త అప్‌డేట్‌తో తకరారు వస్తే ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. 2021లో ప్రింట్ స్పూలర్ లోపానికి ప్యాచ్‌లు వచ్చాక ఎన్నో ఆఫీసుల్లో షేర్ చేసిన ప్రింటర్లు ఆగిపోయాయి. ముందు రెండు సిస్టమ్‌ల మీద చూసుకున్నవాళ్లు కౌంటర్ ఆగకముందే దారి వెతుక్కున్నారు. రెండో గ్రూపు 'అందరూ'. మూడోది 'కౌంటర్', జనం ఎదురుగా నిలబడే సిస్టమ్‌లు. వీటికి అన్నిటికంటే ఆఖరున.

జీఎస్టీ చూసే ఆమె సిస్టమ్‌ను 'ముందు' గ్రూపులో పెట్టకండి. కారణం మీకు తెలిసిందే.

సిస్టమ్‌లకు సర్వర్ దారి చూపించడం

డొమైన్ (అన్ని సిస్టమ్‌లనూ ఒకే సర్వర్ నుంచి నడిపే ఏర్పాటు) ఉంటే గ్రూప్ పాలసీలో, అంటే విండోస్ సెట్టింగ్‌లను పాలసీలుగా పెట్టే చోట, ఒకసారి పెడితే అందరికీ వెళ్తుంది. మన చిన్న ఊళ్ల ఆఫీసుల్లో ఎక్కువగా డొమైన్ ఉండదు, అన్నీ వర్క్‌గ్రూప్‌లోనే ఉంటాయి. అప్పుడు ప్రతి సిస్టమ్‌లో లోకల్ గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరవాలి. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ ఉండదు, హోమ్ సిస్టమ్‌లు డబ్ల్యూసస్‌కు రావు. ల్యాప్‌టాప్‌లు కొనేటప్పుడే ప్రో ఎడిషన్ అడగండి. ఉన్న హోమ్ సిస్టమ్‌లను పైన చెప్పిన డెలివరీ ఆప్టిమైజేషన్‌కు వదిలేయండి.

కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్. ఈ వరసలో వెళ్లండి. విండోస్ 11లో దాని కింద డబ్ల్యూసస్ నుంచి వచ్చే అప్‌డేట్‌లకు వేరే ఫోల్డర్ ఉంటుంది. అందులో 'స్పెసిఫై ఇంట్రానెట్ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ సర్వీస్ లొకేషన్' తెరిచి ఎనేబుల్ చేయండి. పైన ఉన్న మొదటి రెండు గళ్లలోనూ ఒకే అడ్రస్ రాయాలి: హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు, సర్వర్ ఐపీ, మళ్లీ కోలన్, 8530. ఆ 8530 మర్చిపోతే సిస్టమ్ సర్వర్‌ను కనుక్కోలేదు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇదే. సర్టిఫికెట్ పెట్టుకోగలిగితే హెచ్‌టీటీపీఎస్, 8531 వాడండి, అది ఇంకా భద్రం. అదే ఫోల్డర్‌లో క్లయింట్ సైడ్ టార్గెటింగ్ ఎనేబుల్ చేసి గ్రూపు పేరు రాస్తే సిస్టమ్ తన గ్రూపులోకి తానే చేరుతుంది. దీనికి సర్వర్ కన్సోల్‌లో ఆప్షన్స్, కంప్యూటర్స్ దగ్గర 'గ్రూప్ పాలసీ ద్వారా' అన్నది ఎంచుకోవాలి. గ్రూపు పేరు కన్సోల్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి.

38 సిస్టమ్‌లలో ఒక్కొక్కటిగా ఇదంతా నొక్కాలా? అక్కర్లేదు. ఒకదాంట్లో అన్నీ సరిగ్గా పెట్టాక రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ అప్‌డేట్ అన్న కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మిగతా సిస్టమ్‌లలో ఆ ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి ఒప్పుకుంటే చాలు. గ్రూపుకొక ఫైలు చేసుకోండి. నేను ఒక మధ్యాహ్నంలో 38 పూర్తిచేశాను.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ చేతిలో ఉన్నాయని ఒక వాక్యం కనిపిస్తుంది. అది కనిపిస్తే పాలసీ తగిలినట్టే. 'చెక్ ఫర్ అప్‌డేట్స్' ఒకసారి నొక్కండి. నొక్కకపోతే సిస్టమ్ దాదాపు 22 గంటలకోసారి మాత్రమే సర్వర్‌ను పలకరిస్తుంది. కన్సోల్‌లో పేరు వెంటనే రాకపోతే టెన్షన్ పడకండి, మర్నాటి దాకా ఆగండి.

ఏ టైమ్‌కు ఇన్‌స్టాల్ కావాలి

ఈ ఒక్క సెట్టింగ్‌ను మన ఆఫీసుల తీరుకు తగ్గట్టు మార్చకపోతే మిగతాదంతా చేసినా ఫలితం ఉండదు. 'కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్' పాలసీలో 4వ ఆప్షన్ తీసుకుంటే, తానే దింపుకుని చెప్పిన టైమ్‌కు ఇన్‌స్టాల్ చేసుకుంటుంది. అందులో ముందే రాసి ఉండే టైమ్ తెల్లవారుజామున 3 గంటలు. రాత్రంతా సిస్టమ్‌లు ఆన్‌లో ఉంచే ఆఫీసుల కోసం పెట్టిన టైమ్ అది. మన దగ్గర సాయంత్రం ఆరుంపావుకు అటెండర్ మెయిన్ స్విచ్ తీసేసి తాళం వేస్తాడు. తెల్లవారుజామున 3 గంటలకు ఆ ఆఫీసులో వెలిగేది సర్వర్ యూపీఎస్ లైట్ ఒక్కటే.

అందుకే టైమ్ మధ్యాహ్నం 1 గంటకు పెట్టండి. అందరూ టిఫిన్ బాక్సులు తెరిచే వేళ సిస్టమ్‌లు ఖాళీగా ఉంటాయి. దానితో పాటు 'నో ఆటో రీస్టార్ట్ విత్ లాగ్డ్ ఆన్ యూజర్స్' పాలసీ ఎనేబుల్ చేయండి. లేకపోతే ఎవరో సగం కొట్టిన లెటర్ రీస్టార్ట్‌లో పోతుంది, ఆ రోజు నుంచి ఆఫీసంతా అప్‌డేట్ అన్న మాటకే భయపడుతుంది.

సాయంత్రం వెళ్లేటప్పుడు అందరూ 'అప్‌డేట్ అండ్ షట్ డౌన్' నొక్కుతారు. అప్పుడు స్క్రీన్ మీద చుక్కలు తిరుగుతూ కాసేపు పని నడుస్తుంది. సరిగ్గా ఆ వేళకే మెయిన్ స్విచ్ పడుతుంది. రెండు సిస్టమ్‌లు అలాగే పాడై, వాటి విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చాక నేను స్విచ్ బోర్డు మీద ఒక కాగితం అంటించాను. పెద్ద అక్షరాలతో తెలుగులో: 'స్క్రీన్ మీద చుక్కలు తిరుగుతుంటే స్విచ్ తీయొద్దు. నల్లగా అయ్యాకే తీయాలి.' పక్కనే అటెండర్‌కు ఒక సిస్టమ్ షట్ డౌన్ చేసి కళ్లారా చూపించాను. ఆయన ఆ రోజు నుంచి గది గదికీ వెళ్లి చూసి మరీ స్విచ్ తీస్తున్నాడు. ఆ తర్వాత అలా ఒక్క సిస్టమ్ కూడా పాడవలేదు.

నెలలో మీరు చేయాల్సిన పని

అప్‌డేట్ బుధవారం జాబితాలోకి వస్తుంది. పొద్దున చూసి పొద్దునే అప్రూవ్ చేయకండి. అప్రూవ్ చేసిన క్షణం నుంచి సర్వర్ ఫైలు దింపడం మొదలుపెడుతుంది, మీ లైన్ మళ్లీ ఆఫీసు టైమ్‌లోనే నిండుతుంది. బుధవారం సాయంత్రం బయల్దేరే ముందు 'ముందు' గ్రూపుకు అప్రూవ్ చేయండి. రాత్రికి ఫైళ్లు దిగుతాయి, గురువారం మధ్యాహ్నం ఆ మూడు సిస్టమ్‌లలో పడతాయి. పగలు కూడా దింపక తప్పదంటే సర్వర్‌లోని గ్రూప్ పాలసీలో నెట్‌వర్క్ కింద బిట్స్ (వెనకాల ఫైళ్లు దింపే విండోస్ సర్వీస్) అని ఉంటుంది. అక్కడ పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా ఇంతకు మించి స్పీడ్ వాడొద్దని హద్దు పెట్టొచ్చు.

శుక్ర, శని వారాల్లో ప్రింట్ తీసి చూడండి, ట్యాలీ తెరిచి చూడండి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి ఒక పోర్టల్‌లోకి లాగిన్ అయి చూడండి. అన్నీ బాగుంటే తర్వాతి మంగళవారం 'అందరూ' గ్రూపుకు, మర్నాడు 'కౌంటర్'కు. ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి బయటి లైన్ మీద భారం పడదు. ఒక్క జాగ్రత్త. ఆ మంగళవారం ఒక్కోసారి 20వ తేదీ అవుతుంది, పన్ను కట్టే నెలవారీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. అలాంటి నెలలో ఒక రోజు వెనక్కి జరపండి.

దాడులు అప్పటికే జరుగుతున్న లోపానికి ప్యాచ్ వస్తే మాత్రం వారం ఆగకండి. ఒక్క రోజు చూసి అందరికీ వదిలేయండి. డిఫెండర్ డెఫినిషన్లకు ఆటోమేటిక్ అప్రూవల్స్‌లో రూల్ రాసిపెడితే మీ చెయ్యి అక్కర్లేదు.

నెలాఖరున సర్వర్ క్లీనప్ విజార్డ్ నడపండి. కొత్తది వచ్చాక పనికిరాని పాత అప్‌డేట్‌లను డిక్లైన్ చేయండి. ఏడాది పాటు ఇది చేయని సర్వర్‌లో క్లీనప్ మొదలుపెడితే మధ్యలోనే ఆగిపోతుంది. నెలనెలా చేస్తే పది నిమిషాల పని.

ఎక్కువగా వచ్చే రెండు తకరార్లు

కన్సోల్‌లో ఒకే పేరు మారిపోతూ ఉంటుంది. పొద్దున అకౌంట్స్ సిస్టమ్ పేరు, సాయంత్రం స్టోర్ సిస్టమ్ పేరు. 38 ఉండాల్సిన చోట 20 కనిపిస్తాయి. సిస్టమ్‌లు అమ్మినవాళ్లు ఒక హార్డ్ డిస్క్‌ను క్లోన్ చేసి అన్నిటికీ వేస్తే ఇలా అవుతుంది, వాటి అప్‌డేట్ గుర్తింపు నంబర్ కూడా ఒకటే అయిపోతుంది. అలాంటి ప్రతి సిస్టమ్‌లో విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపి, రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, విండోస్ అప్‌డేట్ కింద ఉన్న 'సస్ క్లయింట్ ఐడీ', 'సస్ క్లయింట్ ఐడీ వ్యాలిడేషన్' తీసేసి సర్వీస్ మళ్లీ మొదలుపెట్టండి. కొత్త నంబర్ పుడుతుంది.

రెండోది, కన్సోల్ తెరవగానే 'రీసెట్ సర్వర్ నోడ్' అని ఎర్రగా చూపించడం. చాలాసార్లు ఐఐఎస్‌లో డబ్ల్యూసస్ పూల్‌కు ఇచ్చిన మెమరీ చాలకపోవడమే కారణం. అప్లికేషన్ పూల్స్‌లో డబ్ల్యూసస్ పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే ప్రైవేట్ మెమరీ లిమిట్ 1843200 అని ఉంటుంది, అంటే సుమారు 1.8 జీబీ. దాన్ని 4 జీబీకి, అంటే 4194304కు పెంచండి. క్యూ లెంగ్త్ 1000 నుంచి 2000 చేయండి. పూల్ ఆగి ఉంటే స్టార్ట్ చేయండి.

సర్వర్‌ను లోపలే ఉంచండి

8530, 8531 పోర్టులను రౌటర్‌లో బయటికి తెరవకండి. 2025 అక్టోబర్‌లో డబ్ల్యూసస్‌లోనే పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు సర్వర్‌లో తమ ప్రోగ్రామ్ నడపగలిగేంత పెద్దది. దానికి అక్టోబర్ 23న మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ప్రత్యేక ప్యాచ్ ఇచ్చింది. అందరికీ అప్‌డేట్‌లు పంచే సర్వర్ తన సొంత అప్‌డేట్‌లో వెనకబడకూడదు. నేను నెలనెలా మొదట అప్‌డేట్ చేసేది దాన్నే.

కాలేజీ ల్యాబులో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే లైనక్స్) సిస్టమ్‌లుంటే వాటికి డబ్ల్యూసస్ పనికిరాదు. ఒక పాత సిస్టమ్‌లో ఉబుంటు వేసి ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ ఇన్‌స్టాల్ చేయండి. అది 3142 పోర్ట్ మీద పనిచేస్తుంది. మిగతా సిస్టమ్‌లలో ఆప్ట్ ప్రాక్సీగా దాని అడ్రస్ రాస్తే, ఒకరు దింపిన ప్యాకేజీ తర్వాతి వాళ్లకు లోపలి నుంచే వస్తుంది. విండోస్ ఏర్పాటు కంటే ఇది చాలా తేలిక, గంటలో అయిపోతుంది.

దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఆరు సిస్టమ్‌ల బ్రాంచి ఉంటే దాన్ని వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రెండు ఆఫీసులను కలిపే ప్రైవేట్ దారి) మీదుగా ఇక్కడి సర్వర్‌కు కలపకండి. బ్రాంచి లైన్, మీ అప్‌లోడ్ రెండూ నలుగుతాయి. ఆ ఆరింటినీ మైక్రోసాఫ్ట్ నుంచే తెచ్చుకోనిచ్చి, డెలివరీ ఆప్టిమైజేషన్‌తో తమలో తాము పంచుకోనివ్వండి. బ్రాంచి ఇరవై సిస్టమ్‌లకు పెరిగిన రోజున అక్కడ రెప్లికా సర్వర్ పెట్టండి. మీరు ఇక్కడ చేసిన అప్రూవల్స్ అన్నీ దానికి వాటంతటవే వెళ్తాయి.